నీరు తీస్తే గాలి చేరిందేమిటి?

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నగారికి 61 ఏళ్లు. టీబీ వల్ల గుండె చుట్టూ నీరు చేరిందని సూది గుచ్చి 700 మి.లీ. తీశారు. సన్న గొట్టం రెండు రోజులు ఉంచారు. ఎక్స్‌రే చూసి ‘గుండె చుట్టూ కొంచెం గాలి ఉంది, పర్వాలేదు’ అని పంపేశారు. మాకు నిద్ర పట్టడం లేదు. వచ్చే వారం తమ్ముడి దగ్గరికి విమానంలో ఢిల్లీ వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ గొట్టం చివర మూడు దారుల చిన్న కుళాయి ఉంటుంది. సిరంజి మార్చేటప్పుడు అది తెరిచి ఉండి, సరిగ్గా అప్పుడే రోగి గట్టిగా ఊపిరి పీలిస్తే చాలు, బయటి గాలి గుండె చుట్టూ ఉండే సంచిలోకి దూరుతుంది. ఊపిరితిత్తి పొరకు సూది తగిలినా అంతే.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఆ కుళాయి కట్టకుండా వదిలేసిన ఘనుణ్ణి నేనే. సాయంత్రం స్టెతస్కోపు పెడితే లబ్‌డబ్ మధ్యలో కవ్వంతో చల్ల చిలికినట్టు చప్పుడు! లోపల నీరూ గాలీ కలిసి ఉంటే అలా వినిపిస్తుంది. పాత ఫ్రెంచి వైద్యులకు అది నీటిమర చక్రంలా వినిపించిందట. నాకు మాత్రం మా అమ్మ కుండే గుర్తొచ్చింది. నాకు చెమటలు పడుతుంటే, ఆ రోగి, ఓ కుర్రాడు, మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. మా చీఫ్ తిట్టలేదు. ‘బీపీ ఎంత?’ అన్నారు. 110. ‘అయితే రేపు మళ్లీ ఎక్స్‌రే తియ్యి’ అని వెళ్లిపోయారు. పది రోజుల్లో ఆ గాలి దానంతటదే ఇంకిపోయింది. ఎక్కువమందికి అంతే.

లోపలికి పోయిన గాలి బయటికి రాలేక పేరుకుంటే మాత్రం గుండెను నొక్కేస్తుంది. ఆయాసం, కళ్లు తిరగడం, చల్లని చెమట, మెడ నరాలు ఉబ్బడం, బీపీ పడిపోవడం కనిపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తండి. సూదితో గాలి తీసేస్తే నిమిషాల్లో తేరుకుంటారు. జ్వరం మళ్లీ మొదలైనా చెప్పాలి, చీము పట్టి ఉండొచ్చు.

విమానం వద్దే వద్దు. పైకి వెళ్లేకొద్దీ క్యాబిన్‌లో ఒత్తిడి తగ్గి, ఒంట్లో చిక్కుకున్న గాలి ఉన్నదానికి మరో మూడో వంతు దాకా ఉబ్బుతుంది. గాలి పూర్తిగా పోయిందని ఎక్స్‌రేలో తేలాలి. నీరు మళ్లీ చేరిందేమో ఎకోలో చూడాలి. గాలి అడ్డుంటే ఎకోలో గుండె సరిగా కనబడదు, అందుకే ముందు ఎక్స్‌రే. టీబీ మందులు ఒక్క పూట కూడా ఆపకండి.

ఈసారికి మీ తమ్ముణ్ణే తెనాలి రమ్మనండి.