ప్రశ్న–జవాబు: బంకు పక్క బోరులో పెట్రోలు వాసన

ప్రశ్న: హైవే పక్కన మా బంకులో 20 కిలోలీటర్ల పెట్రోలు ట్యాంకు భూమిలో ఉంది. వేసి పాతికేళ్లు దాటింది. రెండు నెలలుగా స్టాకులో రోజుకు 50, 60 లీటర్ల తేడా వస్తోంది. వెనకింటివాళ్లు తమ బోరు నీళ్లు కిరోసిన్ వాసన కొడుతున్నాయంటున్నారు. ట్యాంకు తీసేసి చుట్టూ మట్టి మార్చేస్తే సరిపోతుందా?
— ఒక డీలరు, నల్గొండ జిల్లా

జవాబు: మట్టి మార్చడం సంగతి తర్వాత. బోరు దాకా వాసన వెళ్లిందంటే ఈ రోజే చేయాల్సిన పనులున్నాయి. ఆ ట్యాంకు అమ్మకం ఆపి, మిగిలిన పెట్రోలును లారీ ట్యాంకర్‌లోకి తోడించండి. ఆయిల్ కంపెనీకి, పెసోకు (పెట్రోలు, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ), కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపండి. వెనకింటివాళ్లు ఆ నీళ్లు తాగకూడదు, వంటకు వాడకూడదు, వాటితో స్నానం కూడా చేయకూడదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి సంపుల్లో, సెల్లార్లలో, డ్రైనేజీ మ్యాన్‌హోళ్లలో పేరుకుంటుంది. గాలిలో 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. మెక్సికోలోని గ్వాదలహారాలో 1992 ఏప్రిల్ 22న వీధులకు వీధులు పేలి 200 మందికి పైగా చనిపోయారు. పైపు నుంచి కారిన పెట్రోలు అక్కడి మురుగు కాలవల్లో చేరడమే కారణం. అందుకే ముందు గ్యాస్ మీటరుతో మ్యాన్‌హోళ్లు చూపించండి. పేలుడుకు కావలసిన కనీస మోతాదులో పదో వంతు కనిపించినా అక్కడ పని ఆపి మనుషుల్ని దూరం పంపాలి. మోటారు గదిలో వాసన గట్టిగా ఉంటే స్విచ్ జోలికి పోవద్దు, కరెంటు స్తంభం దగ్గరే తీయించండి.

ఇక లెక్కల విషయం. తేడా వచ్చినంత మాత్రాన అంతా లీకు కాదు. ఒక్కో డిగ్రీ చల్లబడితే పెట్రోలు వెయ్యి లీటర్లకు దాదాపు 0.95 లీటరు తగ్గుతుంది. ఎండలో 40 డిగ్రీల మీద వచ్చిన 12,000 లీటర్ల లోడు మీ ట్యాంకులో 30 డిగ్రీలకు దిగితే, ఒక్క చుక్క కారకుండానే 114 లీటర్లు తక్కువ కనిపిస్తుంది. నాజిల్ ఐదు లీటర్లకు 20 మిల్లీలీటర్లు ఎక్కువ పోస్తుంటే, 5,000 లీటర్ల అమ్మకం మీద రోజుకు 20 లీటర్లు అటే పోతాయి. కాబట్టి డిప్‌లన్నీ (ట్యాంకులో కొలకర్ర దించి తీసే మట్టం కొలతలు) 15 డిగ్రీలకు సవరించి, నాజిళ్లను ఐదు లీటర్ల కొలపాత్రతో సరిచూసి, రెండు నెలల లెక్క మళ్లీ వేయండి. ఇన్ని సవరణల తర్వాత కూడా రోజూ ఒకే దిక్కుకు లోటు వస్తుంటే లీకేనని అనుమానించాలి.

ట్యాంకు కారుతోందా, పైపు కారుతోందా? రాత్రి అమ్మకం ఆపి డిప్ తీసి, పొద్దున మళ్లీ తీస్తే ఒక దారి దొరుకుతుంది. మట్టం తగ్గితే ట్యాంకు మీద అనుమానం. రాత్రి నిలకడగా ఉండి అమ్మకాల సమయంలోనే లోటొస్తే పైపు మీద. ట్యాంకు లోపలి పంపుతో పెట్రోలును నెట్టే పద్ధతైతే, పంపు నడిచినంతసేపూ పైపులో పీడనం ఉంటుంది, చిన్న రంధ్రం నుంచే చాలా పోతుంది. పైనుంచి పీల్చే పాత పద్ధతిలో రంధ్రం గుండా గాలి లోపలికి వస్తుంది, పంపు దడదడలాడుతుంది. దీన్ని ఏజెన్సీ చేసే పీడన పరీక్షతో ఖాయం చేసుకోవాలి. ట్యాంకు అడుగున నీరు చూసే పేస్టు విషయంలో ఒక జాగ్రత్త: ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంది కాబట్టి పాత పేస్టు సరిగ్గా రంగు మారదు, ఇథనాల్‌కు పనికొచ్చేదే కొనండి.

కారింది ఎంత దూరం పోయిందన్నది మీ జిల్లాలో చిక్కు ప్రశ్న. పైన మొరం, కింద పగుళ్ల రాయి. మొరంలో పెట్రోలు కిందికి జారి నీటి మట్టం మీద తేలుతుంది. రాతి పగులు దొరికితే ఆ పగులు ఎటు పోతే అటే పోతుంది. నేల వాలును బట్టి దిక్కు ఊహించి బోరు వేసేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. కనీసం మూడు పరిశీలన బోర్లు, ఒకే గీత మీద కాకుండా త్రికోణంగా వేసి, మట్టాలు కొలిచి నీటి ప్రవాహపు దిక్కు తేల్చుకోవాలి. తర్వాత ఆ దిక్కున మరి రెండు మూడు వేయాలి. జల్లెడ పైపు, అంటే నీరు లోపలికి వచ్చే చీలికలున్న భాగం, నీటి మట్టానికి పైనా కిందా ఉండాలి. అది మొత్తం నీళ్లలో మునిగితే తేలే పెట్రోలు బోరులోకే రాదు, రిపోర్టు శుభ్రంగా వస్తుంది. మే, అక్టోబరు మధ్య మట్టం కొన్ని మీటర్లు మారే చోట ఆ తేడా మొత్తానికీ జల్లెడ సరిపడాలి. ఈ ఎక్కి దిగే నీరే పెట్రోలును మట్టికి పైనుంచి కింద దాకా పులుముతుంది.

ఊళ్లో దొరికే బోరు బండిని మాత్రం నమూనాలకు పిలవకండి. కంప్రెసర్ గాలి ఆవిర్లన్నిటినీ ఊది పారేస్తుంది, హ్యామర్‌కు వేసే నూనె మట్టిలో కలుస్తుంది. మొరం వరకు చేతి ఆగర్ (చేత్తో తిప్పి నేలలోకి దించే బర్మా) లేదా గాలి లేని రోటరీ రిగ్గు వాడాలి. నమూనాలు ఎంచడానికి ఒక తేలిక పద్ధతుంది. ప్రతి అర మీటరుకు ఒక గాజు సీసా సగం నింపి, మూతికి అల్యూమినియం రేకు బిగించి, పదిహేను నిమిషాలు ఎండ తగలని వెచ్చని చోట ఉంచి, రేకు పొడిచి, ఆవిరి మోతాదు చూపే పీఐడీ మీటరు మొన పెట్టండి. ఎక్కువ చూపిన పొర నుంచీ, దాని కింద శుభ్రంగా ఉన్న పొర నుంచీ ల్యాబ్‌కు పంపండి. నీటి నమూనాకు 40 మిల్లీలీటర్ల సీసా, గాలి బుడగ లేకుండా, ఆమ్లం వేసి, ఐసు పెట్టెలో. 14 రోజుల్లో పరీక్ష అయిపోవాలి. అడగాల్సినవి బెంజీన్, టోల్యూన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు. బెంజీన్ మీదే పట్టు ఎందుకంటే, లీటరు పెట్రోలులో 1 శాతం దాకా ఉండొచ్చు, అంటే 8.8 గ్రాములు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ఆ ఒక్క లీటరు పెట్రోలే 8,80,000 లీటర్ల నీటిని పరిమితి దాకా చేర్చగలదు.

శుభ్రం చేయడం తేలే పెట్రోలుతో మొదలవుతుంది. దాన్ని స్కిమ్మర్‌తో (పైన తేలేదాన్ని మాత్రమే తీసే పరికరం) తీయాలి. పెద్ద మోటారు పెట్టి బోరు తోడితే మట్టం గుంటలా దిగి పెట్రోలు కింది రాతిలోకి జారుతుంది. బోరులో 30 సెంటీమీటర్లు తేలిందంటే నేలలో కూడా అంతే ఉందనుకోకండి, బోరు సాధారణంగా ఎక్కువ చేసి చూపిస్తుంది. తర్వాత మొరంలో ఆవిరి పీల్చే పద్ధతి పెట్రోలుకు బాగా పనిచేస్తుంది. తవ్వకమే తప్పకపోతే 8 మీటర్ల పొడవు, 5 వెడల్పు, 4 లోతు గుంట అంటే 160 ఘనపు మీటర్లు, దాదాపు 270 టన్నులు. ఖాళీ చేసిన ట్యాంకు గుంటలో వాన నీరు నిండితే ఓడలా పైకి లేస్తుంది. 20 కిలోలీటర్ల ట్యాంకు 20 టన్నుల నీటిని తొలగిస్తుంది, దాని సొంత బరువు అందులో చిన్న భాగమే. పైపులు తెగి మిగిలిన ట్యాంకులు కూడా కారేది ఇలాగే. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు.

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు నియమాలు తెచ్చింది. కాలుష్యానికి కారణమైనవాళ్లే శుద్ధి ఖర్చు పెట్టుకోవాలి. లీకు కనబడిన రోజు నుంచి మీరు రాసిన కాగితాలు, డిప్ రిజిస్టరు భద్రంగా ఉంచుకోండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ జనరేటర్ రిటర్న్ పైపు చిట్లి 200 లీటర్ల దాకా డీజిలు పక్క మట్టిలో ఇంకింది. వాచ్‌మన్ సర్ఫ్ పోసి నీళ్లతో కడిగాడు. మంచినీళ్ల సంపు ఆరడుగుల దూరంలో ఉంది.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కడగడం ఆపించండి. సర్ఫ్ డీజిలును సన్నని బొట్లుగా విరిచి నీళ్లతో పాటు కిందికి పంపుతుంది, పోయేది మరకే. సంపుకు వచ్చే పైపు ప్లాస్టిక్‌దైతే పెట్రోలియం ఆ గోడ గుండా కూడా మెల్లగా లోపలికి చేరుతుంది. సంపు గోడలో చెమ్మ, నీళ్లలో వాసన చూసి, అనుమానముంటే ఖాళీ చేసి ట్యాంకర్ నీళ్లు వాడుకోండి.

మధ్యరకం ఇసుక నేల ఘనపు మీటరుకు సుమారు 20 లీటర్ల డీజిలును పట్టి ఉంచుతుంది. ఆ లెక్కన మీకు 10 ఘనపు మీటర్లు, అంటే 17 టన్నుల చిల్లర మట్టి. బంక మట్టైతే వేరే కథ. ఎండిన రేగడి నెర్రెల్లో నేరుగా దిగిపోతుంది కాబట్టి పైన తడి తక్కువ, లోతు ఎక్కువ. 30 సెంటీమీటర్ల చొప్పున తీస్తూ పైన చెప్పిన సీసా పరీక్ష చేయించండి. డీజిలు ఆవిరి తక్కువ కాబట్టి పీఐడీని మాత్రమే నమ్మకుండా, గుంట అడుగు నుంచి, నాలుగు గోడల నుంచి ఒక్కో నమూనా ల్యాబ్‌కు పంపి, ఫలితం వచ్చాకే పూడ్చండి. పునాది పక్కన తవ్వేముందు ఇంజినీరుకు చూపించాలి. తీసిన మట్టిని టార్పాలిన్ మీద పోసి, పైన మరొకటి కప్పండి. టిప్పర్‌వాడు "ఏదో ప్లాటులో పోసేస్తా" అంటాడు, ఒప్పుకోవద్దు. అది ప్రమాదకర వ్యర్థం కిందికి రావచ్చు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో దుండిగల్‌లోని శుద్ధి కేంద్రానికి పంపి రసీదు తీసుకోండి.

ప్రశ్న: నూనె తినే బ్యాక్టీరియా పొడి చల్లితే మూడు వారాల్లో మట్టి బాగవుతుందని ఒక కాంట్రాక్టరు అంటున్నాడు. నిజమేనా?
— విశాఖపట్నం

జవాబు: బ్యాక్టీరియా తింటుందన్నది నిజం, మూడు వారాలన్నది అమ్మకం మాట. టెరీ సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్ లాంటివి చమురు బురదల మీద వాడారు. అయితే చాలా నేలల్లో ఆ పని చేసే సూక్ష్మజీవులు ముందే ఉంటాయి. వాటికి కరువయ్యేది గాలి, నత్రజని, భాస్వరం.

పై ప్రశ్నలోని 200 లీటర్లనే తీసుకుందాం. బరువు సుమారు 165 కిలోలు, అందులో కార్బన్ 140. కార్బన్ 100కి నత్రజని 10, భాస్వరం 1 చొప్పున యూరియా 30 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ 20 కిలోలు కావాలి. 10 ఘనపు మీటర్ల మట్టిని 30 సెంటీమీటర్ల మందంగా పరిస్తే 33 చదరపు మీటర్లే. అంత చోట అంత యూరియా ఒకేసారి పడితే అమ్మోనియాకు బ్యాక్టీరియాయే చస్తుంది, నాలుగైదు దఫాలుగా వేయాలి. పీహెచ్ 6 నుంచి 8 మధ్య ఉండాలి. మట్టి చేతిలో ముద్దకట్టాలి గానీ నీరు కారకూడదు. వారానికోసారి తిరగేయాలి. ఆరు నెలల నుంచి రెండేళ్లు పడుతుంది, మొదట్లో చకచకా తగ్గి తర్వాత మొండికేస్తుంది. కిలో మట్టిలో నూనె 50,000 మిల్లీగ్రాములు దాటితే వాటికే విషం, శుభ్రమైన మట్టి కలిపి పలచన చేయాలి. పెట్రోలు మట్టిని ఇలా ఆరబోస్తే సగం గాలిలోకే పోతుంది, దాన్ని శుద్ధి అనరు. కాంట్రాక్టరును మొదటి రోజు, ప్రతి నెలా ల్యాబ్ అంకెలు అడగండి.

ప్రశ్న: బావి నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగుల పొర తేలుతోంది. దగ్గర్లో డీజిలు ఇంజను షెడ్డుంది. కాచి తాగొచ్చా?
— తణుకు

జవాబు: ముందు పుల్లతో పొరను కదపండి. గాజు పెంకుల్లా ముక్కలై అలాగే ఉండిపోతే అది ఇనుము తినే బ్యాక్టీరియా పొర, డెల్టా బావుల్లో మామూలే. సుడి తిరిగి మళ్లీ అతుక్కుంటే నూనె. నూనెయితే కాచడం వల్ల ఆవిరి వంటింట్లోకి చేరుతుంది, మిగిలింది గిన్నెలోనే ఉంటుంది. తాగొద్దు, పరీక్ష చేయించండి.

ప్రశ్న: మూతపడిన పాత బంకు స్థలం అమ్మకానికొచ్చింది. కొనేముందు ఏం చూడాలి?
— కర్నూలు

జవాబు: ట్యాంకులు తీశారా, ఇసుక నింపి వదిలేశారా అన్నది మొదటి ప్రశ్న. పెసో లైసెన్సు రద్దు కాగితం అడగండి. ట్యాంకు గుంట, పైపుల దారి, డిస్పెన్సర్ల కింద, లారీ అన్‌లోడ్ చేసే చోట బోర్లు వేయించండి. చివరిదాన్ని అందరూ మరిచిపోతారు, ఏళ్ల తరబడి ఒలికింది అక్కడే. 2000 ఫిబ్రవరికి ముందు నడిచిన బంకైతే సీసం కూడా పరీక్షించాలి, అప్పటిదాకా సీసం కలిపిన పెట్రోలు అమ్మేవారు. ఫలితాలు రాకుండా అడ్వాన్సు ఇవ్వకండి.