స్కాచ్ అలవాటున్నవారికి తొలి బోర్బన్ ఏది?

ప్రశ్న: నేను చాలా ఏళ్లుగా స్కాచ్ మాత్రమే తీసుకుంటున్నాను. ఎక్కువగా టీచర్స్, చేతిలో డబ్బు ఆడినప్పుడు బ్లాక్ లేబుల్, ఎవరైనా తెచ్చిపెడితే గ్లెన్‌ఫిడిక్. వచ్చే నెల మా బావమరిది దుబాయ్ నుంచి వస్తున్నాడు. ‘బావగారూ, ఈసారి బోర్బన్ తెస్తాను, ఏది కావాలో చెప్పండి’ అన్నాడు. నేనెప్పుడూ దాని రుచి చూడలేదు. మరీ తియ్యగా ఉంటుందని, స్కాచ్ తాగేవాళ్లకు నచ్చదని మిత్రులు అంటున్నారు. అతనిచేత ఎక్కువ ఖర్చు పెట్టించడం నాకిష్టం లేదు. ఏది తెమ్మనాలి?
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: బోర్బన్ అంటే ఒక రకం అమెరికన్ విస్కీ. అందులో తీపి ఛాయ ఉన్నమాట నిజమే కానీ, అది ఎవరో కలిపిన తీపి కాదు. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్ అనిపించుకోవాలంటే వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపలి భాగాన్ని మంటతో మాడ్చిన కొత్త ఓక్ పీపాలోనే నిల్వ చేయాలి. రంగు గానీ రుచి గానీ బయటినుంచి కలపకూడదు. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి అనుమతి ఉంది, బోర్బన్‌లో లేదు. ఒకసారి బోర్బన్ పోసిన పీపా మళ్లీ బోర్బన్‌కు పనికిరాదు కనుక, అలా ఖాళీ అయిన పీపాలు పెద్ద ఎత్తున స్కాట్లాండ్‌కు వెళ్తాయి. అంటే మీరు ఇన్నేళ్లుగా తాగిన స్కాచ్‌లో చాలా భాగం బోర్బన్ వాడి వదిలిన పీపాల్లో పక్వానికి వచ్చినదే. స్కాచ్‌లో మీకు పలచగా తగిలే వెనిలా వాసన బోర్బన్‌లో చిక్కగా ఎదురవుతుంది. అమెరికన్ ఓక్‌లో సహజంగా ఉండే కొన్ని పదార్థాలకు కొబ్బరి వాసన ఉంటుంది, మంట తగిలిన చెక్కలోని చక్కెరలు పాకంలా మారతాయి. అందుకే మంచి బోర్బన్ గ్లాసు దగ్గర ముక్కు పెడితే, కొబ్బరి లౌజు కోసం పొయ్యి మీద బెల్లంపాకం ముదురుతున్నప్పుడు వచ్చే వాసన కోనసీమవారికి తప్పకుండా గుర్తొస్తుంది.

స్కాచ్ తాగేవారు బోర్బన్ కొనేటప్పుడు వదులుకోవలసిన అలవాటు ఒకటుంది: వయసు అంకె చూడటం. 12 ఏళ్లు, 15 ఏళ్లు అని సీసా మీద ఉంటే నాణ్యత ఎక్కువని స్కాచ్ మనకు నేర్పింది. స్కాట్లాండ్ చల్లటి దేశం, అక్కడి పీపా పాతది, కాబట్టి చెక్క సారం నెమ్మదిగా దిగుతుంది. బోర్బన్ ఎక్కువగా తయారయ్యే అమెరికా రాష్ట్రం కెంటకీలో వేసవి ఎండలు గట్టిగా ఉంటాయి, పీపా కొత్తది, పైగా మాడ్చినది. అక్కడ నాలుగు నుంచి ఎనిమిదేళ్లలోపే సారమంతా దిగిపోతుంది. మరీ ఎక్కువ కాలం ఉంచితే చెక్క వగరు మిగతా రుచులను మింగేస్తుంది. తొలిసారి కొనేవారు వయసు కోసం అదనంగా డబ్బు పెట్టడం వృథా అని నా గట్టి అభిప్రాయం. మీరు చూడవలసినవి రెండే: ‘స్ట్రెయిట్’ అన్న మాట, ఆల్కహాల్ శాతం. స్ట్రెయిట్ బోర్బన్ కనీసం రెండేళ్లు పీపాలో ఉండాలి; నాలుగేళ్లు నిండకపోతే ఆ వయసును లేబుల్ మీద ముద్రించి తీరాలి. కనుక స్ట్రెయిట్ అని రాసి వయసు రాయకపోతే అది కనీసం నాలుగేళ్లది అని అర్థం చేసుకోవచ్చు. ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అని ఉంటే ఇంకా మేలు. 1897 నాటి చట్టం ప్రకారం అది ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తయారై, కనీసం నాలుగేళ్లు ప్రభుత్వ పర్యవేక్షణ ఉన్న గిడ్డంగిలో ఉండి, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్‌తో సీసాకెక్కాలి.

ఇక మీ అభిరుచి సంగతి. టీచర్స్‌లోనూ బ్లాక్ లేబుల్‌లోనూ మీకు నచ్చే ఆ పొగ వాసన పీట్ మట్టిని కాల్చి బార్లీని ఆరబెట్టడంవల్ల వస్తుంది. బోర్బన్‌లో ఆ పద్ధతి లేదు. మాడ్చిన పీపా అన్నారు కదా అని పొగకోసం వెతికితే నిరాశే మిగులుతుంది. ఆ పొగ స్థానాన్ని ఇక్కడ రై అనే ధాన్యపు ఘాటు భర్తీ చేయగలదు. మిరియం, లవంగం తగిలినట్టుండే ఆ ఘాటే మొక్కజొన్న తీపికి అడ్డుకట్ట వేస్తుంది. అందువల్ల మీకు రై తగినంత ఉండి, ఆల్కహాల్ 40 శాతానికి మించి ఉన్న బోర్బన్ సరిపోతుంది.

నన్నడిగితే వైల్డ్ టర్కీ 101 తెమ్మనండి. అది 50.5 శాతం ఉంటుంది, ధర మాత్రం ఆడంబరపు సీసాల స్థాయిలో ఉండదు. ఘాటు చూసి భయపడనక్కర్లేదు. 60 మిల్లీలీటర్లలో 15 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే అది మీకలవాటైన 40 శాతం దగ్గరికి వస్తుంది, రుచి పలచబడదు. అది దొరక్కపోతే బుల్లెట్ తీసుకోవచ్చు. అది 45 శాతం ఉంటుంది, ధాన్యంలో 28 శాతం రై ఉంటుంది. జిమ్ బీమ్ వైట్ అన్నింటికంటే చవక, నాలుగేళ్ల వయసున్న నికార్సయిన బోర్బన్. సోడాతో హాయిగా తాగవచ్చు కానీ, మొత్తం బోర్బన్ మీద అభిప్రాయం దాన్నిబట్టి ఏర్పరచుకోవద్దు. అదే ఇంటిదైన జిమ్ బీమ్ బ్లాక్ పీపాలో ఎక్కువ కాలం ఉన్నది. తేడా డబ్బు పెట్టడం సబబే. మేకర్స్ మార్క్‌లో రై బదులు గోధుమ వాడతారు. ఎర్ర లక్క మూతతో చూడముచ్చటగా ఉంటుంది, చాలా మెత్తగా దిగుతుంది. తీపి గురించి ఇప్పటికే అనుమానమున్న మీకు అది రెండో సీసాగా మంచిది.

డ్యూటీ ఫ్రీలో కొంటే మనిషికి రెండు లీటర్ల పరిమితి ఉంది కనుక మీ స్కాచ్ ఒక లీటరు, ఇది ఒక లీటరు తెమ్మనవచ్చు. ఇక్కడ కొనాలంటే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం బోర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. అయినా రాష్ట్ర పన్నులు కలిశాక ధర బరువుగానే ఉంటుంది. యానాంలో చవక కదా అని అక్కడినుంచి సీసాలు తేవద్దు. ఆంధ్ర హద్దు దాటితే అది ఎక్సైజు కేసు. ఇంకొక జాగ్రత్త: మన దేశపు సీసాల మీద ‘బోర్బన్ కాస్క్’ అని కనిపిస్తే అది బోర్బన్ పీపాలో పెట్టిన విస్కీయే తప్ప బోర్బన్ కాదు.

తెచ్చిన రోజున హడావిడిగా ఐస్ నింపిన గ్లాసులో పోయకండి. మన ఉక్క వాతావరణంలో గది వేడికి ఆల్కహాల్ ఆవిరి ముందుగా ముక్కును కొడుతుంది కనుక, సీసాను పావుగంట ఫ్రిజ్‌లో ఉంచి, మూతి సన్నంగా ఉన్న గ్లాసులో 30 మిల్లీలీటర్లు పోసుకుని, మొదటి గుక్క నీళ్లు లేకుండా, రెండో గుక్క చెంచాడు నీళ్లతో చూడండి. పక్కన టీచర్స్ పెట్టుకుని పోల్చవద్దు; పొగ తగిలిన నాలుకకు బోర్బన్ చప్పగా, అతి తియ్యగా తోస్తుంది. నంజుకోవడానికి ఉప్పు వేసి వేయించిన వేరుశనగలు చాలు. కారం దట్టించిన రొయ్యల వేపుడు దీని పక్కన వద్దు, మంట మీద మంట అవుతుంది.

ప్రశ్న: నేను జాక్ డేనియల్స్ తాగి చూశాను, నచ్చలేదు. అంటే నాకు బోర్బన్ నచ్చనట్టేనా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: కాదు. జాక్ డేనియల్స్‌ను టెన్నెసీ రాష్ట్రంలోని లించ్‌బర్గ్‌లో చేస్తారు. పీపాలో పోయకముందే దాన్ని మేపుల్ చెక్క బొగ్గుల గుండా చుక్కచుక్కగా వడకడతారు, అందువల్ల రుచి నునుపుగా మారుతుంది. దాన్ని తయారీదారులు టెన్నెసీ విస్కీగానే అమ్ముతారు. అందులో మొక్కజొన్న 80 శాతం, రై 8 శాతమే. మీకు నచ్చనిది ఆ తీపీ నునుపూ అయితే, పైన చెప్పిన బుల్లెట్‌ను ఎక్కడైనా ఒక్క పెగ్గు రుచి చూసి, ఆ తరవాతే సీసా కొనండి.