సహాయానికి వెళ్లాలంటే ఉద్యోగం వదులుకోనక్కర్లేదు

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. 2023లో టర్కీ, సిరియా భూకంపం వార్తలు చూసినప్పటి నుంచి, చదువయ్యాక విపత్తు సహాయ సంస్థలోనే చేరతానని పట్టుబట్టి కూర్చుంది. ఏదైనా మంచి కంపెనీలో స్థిరపడాలని మా ఆశ. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

జవాబు: మీ ఆశ, మీ అమ్మాయి పట్టుదల రెండూ ఒకే ఉద్యోగంలో ఇమిడే దారి ఉందండీ. దాని గురించి కాలేజీల్లో చెప్పేవాళ్లు తక్కువ.

కొన్ని పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల్లోంచే విపత్తు సహాయ బృందాలను తయారుచేసుకుంటాయి. మీ అమ్మాయి బ్రాంచికి దగ్గరగా ఉన్నది, టెలికాం పరికరాలు తయారుచేసే ఎరిక్సన్ కంపెనీలోని ఎరిక్సన్ రెస్పాన్స్. 2000లో మొదలైంది. ఇందులో ఉన్నది ఆ కంపెనీ ఉద్యోగులే. మామూలు రోజుల్లో తమ ఉద్యోగం తాము చేసుకుంటారు. ఎక్కడైనా విపత్తు వచ్చి పిలుపు అందితే, ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం నడిపించే అత్యవసర టెలికమ్యూనికేషన్ల క్లస్టర్‌తో, అంటే విపత్తు చోట ఫోన్, ఇంటర్నెట్ పనులు చూసే సంస్థల కూటమితో, కలిసి పనిచేస్తారు. తుపానుకు టవర్లు కూలిన చోట సహాయ సిబ్బందికి ఇంటర్నెట్ అందించడం వాళ్ల పని. వినడానికి చిన్నదిగా ఉంటుంది. కానీ ఏ ఊరికి ఎన్ని మందుల పెట్టెలు కావాలో చెప్పే మెసేజ్ వెళ్లకపోతే లారీ ఎటు పోవాలి?

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. వియోలియా నీటి కంపెనీలో వియోలియాఫోర్స్ 1998లో మధ్య అమెరికాను మిచ్ తుపాను ముంచెత్తినప్పుడు మొదలైంది. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు అందాలన్నది సహాయరంగంలో అందరూ పాటించే ప్రమాణం. వేల మంది ఉన్న శిబిరంలో ఆ నీళ్లు శుద్ధి చేసి అందించాలంటే నీటి ప్లాంటులో చేయి తిరిగినవాళ్లే కావాలి. రవాణా రంగంలో డీహెచ్ఎల్ 2005 నుంచి ఐక్యరాజ్యసమితితో ఒప్పందం మీద విమానాశ్రయాల్లో ఇలాంటి బృందాలను నడుపుతోంది.

విమానాశ్రయంలో ఏం పని అనుకోకండి, అసలు చిక్కుముడి అక్కడే పడుతుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చాక విదేశాల నుంచి విమానాల్లో వచ్చిన సాయమంతా కాట్మాండూలో ఉన్న ఒక్క రన్‌వే మీదికే వచ్చి పడింది. రన్‌వే దెబ్బతినడంతో 196 టన్నులు దాటిన విమానాలను దిగనివ్వలేదు. దిగిన విమానాల సరుకేమో దింపి, విడదీసి, ఏది ఎవరిదో రాసి, వెంటనే బయటికి పంపాలి. టెంట్ల కింద మందులు పడితే, పేరులేని పాత బట్టల మూటలు దారికి అడ్డం పడితే, వెనక వచ్చే విమానానికి చోటుండదు. గోదాములో ఏళ్ల తరబడి పనిచేసినవాడు ఆ కుప్పను చూడగానే ఏది ముందు కదలాలో పసిగడతాడు. మంచి మనసు ఒక్కటే ఉన్నవాడికి అది తెలియదు, పాపం.

అందుకే నా సలహా ఖచ్చితంగా ఒకటే. అమ్మాయి ముందు తన పనిలో గట్టిపడాలి. నెట్‌వర్క్ రంగంలో మూడు నాలుగేళ్లు ఫీల్డులో చెమటోడ్చాక, ఏ సంస్థ తలుపు తట్టినా ఆమెను చూసే తీరు వేరుగా ఉంటుంది. డిగ్రీ చేతికి రాగానే వెళితే ఆమె మీద ఇంకొకరు కన్నేసి ఉంచాలి. తిండి, నీళ్లు, పడకకే కటకటగా ఉన్నచోట అది బరువు.

ఇందులో నిరాశ కూడా ఉంది, దాచను. కంపెనీలో చేరినంత మాత్రాన బృందంలో చోటు దొరకదు. ఎంపిక, శిక్షణ ఉంటాయి. శిక్షణ పూర్తయ్యాక కూడా పిలుపు కోసం ఏళ్లు ఆగాల్సి రావచ్చు. వెళ్లినా కొన్ని వారాలే. జీవితమంతా ఇదే పని కావాలనుకుంటే, ఈ అనుభవంతో తర్వాత సహాయ సంస్థల్లోకి మారొచ్చు. ఆ రోజు వస్తే దయచేసి అడ్డుపడకండి.

ఇక నీతో రెండు మాటలు, తల్లీ. ఇంటర్వ్యూలో ఆఖరున "మీరేమైనా అడుగుతారా?" అంటారు. అప్పుడు అడుగు: ఉద్యోగుల సహాయ బృందం ఉందా? వెళ్లిన రోజులకు జీతం ఇస్తారా, సెలవు కింద కోస్తారా? బీమా ఎవరు చేయిస్తారు? సూటిగా జవాబు వస్తే అక్కడ బృందం నిజంగా పనిచేస్తోందని అర్థం. ఫొటోల కోసం ఏడాదికోసారి మొక్కలు నాటే కార్యక్రమం గురించి చెబితే, నువ్వు వెతుకుతున్నది అక్కడ లేదు.

ఈ సెలవుల్లో ఐక్యరాజ్యసమితి భద్రతా విభాగం ఆన్‌లైన్‌లో ఉచితంగా నేర్పే బీసేఫ్ కోర్సు పూర్తిచెయ్. కయా అనే వేదికలో కూడా సహాయరంగం మీద ఉచిత కోర్సులు ఉన్నాయి. వాటితో పాటు శాటిలైట్ లింకులు, రేడియో సెట్లు, జనరేటర్, సోలార్ బ్యాటరీలు ఎలా పనిచేస్తాయో ల్యాబులో చేత్తో పట్టుకుని నేర్చుకో. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఇంకా ఎంచుకోలేదు కదా? కరెంటు లేని చోట రెండు రోజులు నడిచే చిన్న వైఫై యూనిట్ చేసి చూడు. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్.