బుజ్జీ, చెదల సంగతి మర్చిపోకు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

అమెరికా మాజీ అధ్యక్షుడి కాగితాలు భద్రపరిచే లైబ్రరీ కట్టే ఫౌండేషన్‌లో చేరావని, ప్లానింగూ విరాళాలూ నీ చేతికే వచ్చాయని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వీధంతా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్రపట్టలేదు.

స్థలం కాగితాలు లాయరుకి చూపించు. ప్రతి డాలరుకీ రశీదివ్వు. ఇరుగుపొరుగుతో ముందే మాట్లాడు. కెనెడీ లైబ్రరీ కేంబ్రిడ్జిలో కడదామంటే, జనం తాకిడికి భయపడి అక్కడివాళ్లు అడ్డుపడ్డారు. చివరికి 1979లో బోస్టన్ సముద్రపు ఒడ్డున తెరిచారు.

నా దిగులు వేరే. 1991లో మీ తాతగారి పేరున మన ఊళ్లో గ్రంథాలయం కట్టించింది నేనే. ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేశాను. వచ్చిందంతా గోడలకీ, స్లాబుకీ, శిలాఫలకానికీ పెట్టేశాను. ఆయన నలభై ఏళ్లు కొన్న పుస్తకాలు బీరువాల్లో సర్దాం. ప్రారంభోత్సవానికి ఊరంతా వచ్చింది. మర్నాటి నుంచి ఊడ్చే మనిషికి జీతం ఎక్కణ్ణించి తేవాలో ఆలోచించలేదు. ఏటా ఎవరో ఒకరు ఇస్తారులే అనుకున్నాను. ఫ్యాను మీద పేరు రాయించుకున్నవాళ్లెవరూ కరెంటు బిల్లుకి ఇవ్వలేదు. మూడేళ్లకి తాళం పడింది. ఆ పై వానాకాలం స్లాబు కారింది.

తలుపు తీయించి భారతం సంపుటం ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అట్ట నిక్షేపంగా ఉంది. తెరిస్తే లోపల పుస్తకం లేదు. చెదల మట్టి బొరబొరా చొక్కా మీద రాలింది. మొదటి పేజీ మూల తాతగారి సంతకం సగం మిగిలింది. మీ నానమ్మకి ఏం చెప్పాలో తెలియక పొద్దుగూకేదాకా ఆ అరుగు మీదే కూర్చున్నాను.

అమెరికాలో ఈ భయాన్ని చట్టంలోనే రాసుకున్నారు. 1955 చట్టం ప్రకారం విరాళాలతో కట్టి ప్రభుత్వానికి అప్పగిస్తే సరిపోయేది. 1986లో, కట్టడం ఖర్చులో 20 శాతం నిర్వహణ నిధిగా కూడా ఇవ్వాలన్నారు. తర్వాత దాన్ని 60కి పెంచారు. షికాగోలో ఒబామా సెంటరులా మీ ఫౌండేషనే నడుపుకుంటుందంటే, భారమంతా మీదే. అందుకే మొదటి చెక్కు నుంచే నిర్వహణ వాటా పక్కన పెట్టించు. మొహమాటపడ్డావో, నేను ఊరుకోను.

ఇంకోటి. డబ్బిచ్చినవాళ్లు కథ కూడా తమకి నచ్చినట్టే చెప్పమంటారు. నిక్సన్ లైబ్రరీ 1990 నుంచి ఆయన అభిమానుల చేతిలో ఉండేది. ఆయన పదవి పోగొట్టిన వాటర్‌గేట్ కుంభకోణాన్ని ఆయన వైపు నుంచే చెప్పారు. 2007లో ప్రభుత్వ దస్తావేజులు దాచే నేషనల్ ఆర్కైవ్స్ చేతికొచ్చాక, 2011లో గానీ అసలు సంగతులతో కొత్త గది తెరుచుకోలేదు. అలాంటి మాట ఎవరన్నా అంటే వద్దను. ఉద్యోగం పోతే మన ఇల్లుంది.

మీ నాన్న నన్ను హైడ్ పార్క్ తీసుకెళ్లినప్పుడు నువ్వు నా వేలు పట్టుకునే నడిచావు. అది అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ లైబ్రరీ, ఆయన సొంత స్థలంలో 1941లో తెరిచిన రాతి భవనం. అక్కడ ఓ కాగితాల పెట్టె చూపించి ‘‘ఇవి చిరగవా పెదనాన్నా?’’ అనడిగావు.

తాతగారి పుస్తకాల రిజిస్టరు ఒక్కటీ నా దగ్గర భద్రంగా ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు నీకిస్తాను. రాత్రి పదకొండింటికి తింటున్నావట, వేళకి తినమ్మా.

మీ పెదనాన్న