హెడ్‌ఫోన్ ఆంప్‌కి 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌తో ప్లస్-మైనస్ 12 వోల్ట్లు తీయొచ్చా? హమ్ (జుయ్‌మనే రొద) రాకుండా ఏ రెగ్యులేటర్ వాడాలి? పోనీ వర్చువల్ గ్రౌండ్ వాడితే?

తీయొచ్చు కానీ అంచు మీద నడక అవుతుందండీ. 12-0-12 అంటే మధ్యలో సెంటర్ ట్యాప్ తీగ (అదే గ్రౌండ్), దానికి అటూ ఇటూ 12 వోల్ట్ల ఏసీ. రెగ్యులేటర్ (వోల్టేజిని ఒకే స్థాయిలో నిలిపే చిప్) విషయానికొస్తే, నేనూ మీలాగే హమ్‌కి మందు రెగ్యులేటర్‌లో ఉందనుకుని నెల రోజులు తిప్పలు పడ్డాను. అసలు దోషం రెండు కెపాసిటర్ల మధ్య ఉన్న ఒక సన్న తీగలో దొరికింది.

ముందు వోల్టేజి లెక్క చూద్దాం. 12 వోల్ట్ల ఏసీకి పీక్ సుమారు 17. డయోడ్ ఒకటి తినేస్తే 16 చిల్లర. ఒక్కో రైలుకి (ప్లస్ సప్లైకి ఒకటి, మైనస్‌కి ఒకటి) 2200 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ పెట్టి 100 మిల్లీఆంపులు లాగితే రిపుల్ (డీసీ మీద మిగిలే ఎగుడుదిగుడు) దాదాపు అర వోల్టు (50 హెర్ట్జ్ మెయిన్స్‌కి). మెయిన్స్ పది శాతం తగ్గిన రోజున కెపాసిటర్ మీద మిగిలేది 14 వోల్ట్లే. 7812 అనే 12 వోల్ట్ల రెగ్యులేటర్‌కి కావాల్సింది కూడా అంతే, తన 12 మీద ఇంకో రెండు. కాస్త ఎక్కువ కరెంటు లాగారంటే రిపుల్ అడుగు భాగం నేరుగా అవుట్‌పుట్‌లోకి దిగిపోతుంది.

కాబట్టి 15-0-15 కొనండి, లేదా ప్లస్-మైనస్ 9తో సరిపెట్టుకోండి. నేను రెండోదే చేశాను. 9 వోల్ట్ల రైలు మీద మామూలు ఆప్‌ఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్) ఏడు వోల్ట్ల పీక్ దాకా ఊగుతుంది. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి ఒక వోల్టు (ఆర్‌ఎంఎస్, పీక్ కాదు) ఇస్తేనే 31 మిల్లీవాట్లు, చెవులు గింగురుమంటాయి. రెసిస్టర్లతో వోల్టేజి పెట్టుకునే రెగ్యులేటర్లు ఎల్‌ఎం317 (ప్లస్‌కి), ఎల్‌ఎం337 (మైనస్‌కి) జంటలో అవుట్‌పుట్‌కీ అడ్జస్ట్ కాలుకీ మధ్య 120 ఓమ్‌లు, అడ్జస్ట్ నుంచి గ్రౌండ్‌కి 750 ఓమ్‌లు పెడితే 9.1 వోల్ట్లు వస్తాయి. అడ్జస్ట్ కాలు నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ తగిలిస్తే రిపుల్ ఇంకా బాగా అణుగుతుంది. అది పెట్టినప్పుడు రక్షణ డయోడ్లు మరవకండి. 337 అవుట్‌పుట్ దగ్గర ఒక ఎలక్ట్రోలిటిక్ తప్పనిసరి, లేకపోతే ఆసిలేట్ అవుతుంది.

ఇక్కడే నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. రెండు రెగ్యులేటర్లూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి కదా అని వేడి లాగే ఒకే అల్యూమినియం రేకుకి మైకా (మధ్యలో కరెంటు పారకుండా వేసే పల్చటి పొర) లేకుండా బిగించేశాను. 317 వీపు మీది లోహపు ముక్క అవుట్‌పుట్, 337ది ఇన్‌పుట్; రేకు ఆ రెండింటినీ షార్ట్ చేసేసింది. స్విచ్ వేయగానే ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంది, ఫ్యూజు పోయింది. కాళ్ల వరుస కూడా వేరే: 317కి మధ్య కాలు అవుట్‌పుట్, 337కి మధ్యది ఇన్‌పుట్. డేటాషీట్ పక్కన పెట్టుకుని సోల్డర్ చేయండి.

ఇక హమ్. కొత్త మైకా వేసి, వోల్టేజీలు సరిగ్గా వచ్చాక హెడ్‌ఫోన్ పెట్టుకుంటే జుయ్‌మని రొద. వాల్యూమ్ సున్నాకి తిప్పినా అంతే. తక్కువ నాయిస్ ఇచ్చే ఖరీదైన రెగ్యులేటర్లు తెచ్చి మార్చాను, ఏ మార్పూ లేదు. కెపాసిటర్లు 4700కి పెంచితే రొద ఇంకాస్త పదునెక్కింది! అప్పుడే అనుమానం వచ్చింది, ఇది రిపుల్ అయితే తగ్గాలి గదా.

నా బోర్డు మీద ప్లస్ కెపాసిటర్ ఒక చివర, మైనస్‌ది ఇంకో చివర. వాటి గ్రౌండ్ కాళ్లని కలిపింది పది సెంటీమీటర్ల సన్న తీగ. సెకనుకి వంద సార్లు కెపాసిటర్లు నిండేటప్పుడు ఆ కరెంటంతా ఈ తీగలోంచే వెళ్తుంది. సగటు 100 మిల్లీఆంపులే అయినా కెపాసిటర్లు క్షణకాలమే నిండుతాయి కాబట్టి ఆ కాస్సేపూ అర ఆంపు, ఒక ఆంపు దాకా పోతుంది. ఆ తీగ రెసిస్టెన్స్ 8, 9 మిల్లీఓమ్‌లు. అంటే దాని రెండు కొసల మధ్య నాలుగు నుంచి తొమ్మిది మిల్లీవోల్ట్ల రొద. నేను వాల్యూమ్ పాట్ గ్రౌండ్‌ని ఒక కొసకి, ఆప్‌ఆంప్ గ్రౌండ్‌ని రెండో కొసకి తగిలించాను! ఆ మిల్లీవోల్ట్లన్నీ సిగ్నల్‌తో పాటు ఆంప్లిఫై అయ్యాయి. కెపాసిటర్ పెద్దదయ్యేకొద్దీ ఆ కరెంటు ఇంకా తక్కువ సేపు, ఇంకా ఎక్కువగా పోతుంది, అందుకే రొద పెరిగింది.

రెండు కెపాసిటర్లనూ పక్కపక్కకి తెచ్చి, వాటి గ్రౌండ్ కాళ్లని పొట్టి మందపాటి తీగతో కలిపాను. సెంటర్ ట్యాప్‌ని అక్కడే సోల్డర్ చేశాను. అక్కడి నుంచి ఒకే ఒక్క తీగ వేరే చోటికి లాగి, 750 ఓమ్‌ల రెసిస్టర్లు, పాట్, ఆప్‌ఆంప్, హెడ్‌ఫోన్ జాక్ గ్రౌండ్లన్నీ ఆ చోట చేర్చాను. రొద మాయం. ఖరీదైన రెగ్యులేటర్లు తీసి పాతవే పెట్టినా తేడా వినపడలేదు.

వర్చువల్ గ్రౌండ్ గురించి కూడా అడిగారు. అంటే సప్లై వోల్టేజిని సగానికి చీల్చి ఆ మధ్య బిందువుని గ్రౌండ్‌గా వాడుకోవడం. ఆ పని చేసే టీఎల్‌ఈ2426 లాంటి చిప్‌లు 20 మిల్లీఆంపులకే పరిమితం, హెడ్‌ఫోన్ తిరుగు కరెంటంతా దాని మీదే పడుతుంది. సెంటర్ ట్యాప్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ చేతిలో ఉండగా ఆ అవస్థ ఎందుకు?

కెపాసిటర్లు 35 వోల్ట్లవి తీసుకోండి, లోడ్ లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు 12 కంటే బాగా ఎక్కువే ఇస్తాయి. మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు జాక్‌లో ఏమీ పెట్టకుండా అవుట్‌పుట్ డీసీ కొలవండి. 20 మిల్లీవోల్ట్ల లోపు ఉంటే పాత హెడ్‌ఫోన్ ఏదైనా తగిలించి చూడండి. వోల్టు కనబడితే ఏదో ఒక రైలు రావడం లేదేమో ముందు అది చూడండి.