దోమ మీద పుస్తకం రాస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన దోమల పుస్తకం చిత్తుప్రతి తీరిగ్గా చదివాను. నాలుగు, ఐదు తరగతుల పిల్లల కోసం అన్నావు. వాక్యాలు చిన్నవిగా, తేటగా ఉన్నాయి. విషయంలోనూ ఒకటి రెండు చోట్ల తప్పితే ఇబ్బంది లేదు. అయినా సగం దాటేసరికి నాకే ఆవలింతలు వచ్చాయి. ఎందుకంటే దోమ గురించి నీకు తెలిసినవన్నీ వరసగా పేర్చావు, అవి మనుషులకు ఎలా తెలిశాయో మాత్రం ఎక్కడా చెప్పలేదు. చాలా ఏళ్లు పిల్లల పుస్తకాలు దిద్దినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, మన విజ్ఞాన పుస్తకాల్లో ఎక్కువ వాటికి ఉన్న జబ్బే ఇది. సమాచారం ఉంటుంది, ఆచూకీ ఉండదు. పిల్లలు వాటిని జీకే బిట్లలా బట్టీ పట్టి, క్విజ్ అయిపోగానే మరిచిపోతారు.

మూడో పేజీ చూడు. "మనల్ని కుట్టేది ఆడదోమ మాత్రమే" అని రాసి ముందుకు వెళ్లిపోయావు. నీ క్లాసులో ఈ మాట చెబితే పిల్లలు ఊరుకుంటారా? "ఆడదో మగదో ఎలా తెలుస్తుంది టీచర్?" అని అడగరూ? అక్కడ ఆగాలి. మగదోమ తల మీద మీసాలు కుచ్చులా గుబురుగా ఉంటాయి, ఆడదోమ మీసాలు పలచగా ఉంటాయి. చచ్చిన దోమను తెల్ల కాగితం మీద పెట్టి భూతద్దంతో చూస్తే ఎవరికైనా కనబడుతుంది. ఆడదానికి రక్తం ఎందుకంటే గుడ్లు తయారవడానికి అందులోని ప్రొటీన్ కావాలి. రోజువారీ తిండికి ఆడదైనా మగదైనా పూలలో తేనె, మొక్కల రసాలు తాగుతాయి. ఇంత చెప్పాక ఆ వాక్యం పిల్లవాడి సొంతం అవుతుంది. తమ్ముణ్ణి కుట్టిన దోమను పట్టుకుని మీసాలు చూడకపోతే నన్నడుగు.

ఇక పదకొండో పేజీ. "రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో మలేరియా క్రిమిని కనుగొన్నాడు." ఈ వాక్యం కొట్టేయ్. మలేరియా క్రిమిని రోగి రక్తంలో మొదట చూసింది లావెరాన్ అనే ఫ్రెంచి మిలటరీ డాక్టరు, 1880లో, అల్జీరియాలో. మన దేశంలో పనిచేసిన బ్రిటిష్ డాక్టరు రాస్ చూసింది దోమ కడుపులో. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ కథంతా అందులోనే ఉంది. రోగి రక్తంలో క్రిమి ఉందని అప్పటికే తెలుసు. అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా చేరుతోంది? ప్రశ్న అదీ.

నీ పుస్తకానికి గుండెకాయ ఈ అధ్యాయమే కావాలి. నువ్వేమో నాలుగు లైన్లలో తేల్చేశావు. కనీసం ఎనిమిది పేజీలు ఇవ్వు. లండన్‌లో మాన్సన్ అనే పెద్ద డాక్టరు ఉండేవాడు. దోమే క్రిమిని రక్తంతో పాటు పీల్చుకుంటుందని ఆయన గట్టిగా నమ్మాడు, రాస్‌ను ఆ దారి పట్టించిందీ ఆయనే. కానీ ఆ తర్వాత దోమ నీళ్లలో పడి చచ్చిపోతుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకు జబ్బు వస్తుందనీ అనుకున్నాడు. రాస్ అలాంటి నీళ్లు కొందరికి తాగించి కూడా చూశాడు. ఆ ఊహ నిలబడలేదు. దోమలను కోసి చూస్తే ఏమీ కనబడేది కాదు, ఎందుకంటే చాలాకాలం అతని చేతికి చిక్కినవి మలేరియాను మోయని జాతి దోమలు. అప్పటికి ఏ జాతి దేన్ని మోస్తుందో ఎవరికీ తెలియదు కదా.

1897 ఆగస్టులో బేగంపేటలో రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటితో కుట్టించారు, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి. ఆ ఉక్కలో రాస్ పంకా వేయించుకోలేదు, గాలికి దోమలు ఎగిరిపోతాయని. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, కంటి దగ్గరి అద్దం బీటలు వారింది. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి నలుసులు కనబడ్డాయి. మలేరియా రోగుల రక్తంలోని క్రిమిలో కనబడే నలుసులూ అలాంటివే. ఆ పోలికే పట్టిచ్చింది. అందుకే ఇప్పుడు ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటారు. ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది, హైదరాబాద్ వెళ్లినప్పుడు చూసిరా. ఫొటో కంటే నువ్వు చూసి రాసిన రెండు వాక్యాలు నయం.

ఒక్క మాట. అణా ఇచ్చి రోగిని దోమలతో కుట్టించడం న్యాయమేనా అని పిల్లలు అడుగుతారు. అడగనీ. ఆ సంగతి దాచి రాస్‌ను దేవుణ్ణి చేయకు. ఇప్పుడైతే అలా చేయనివ్వరని, ఎందుకు చేయనివ్వరో కూడా రెండు ముక్కల్లో రాయి. అలాగే అన్నీ రాస్ ఒక్కడే తేల్చలేదు. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి చివరికి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని, అంటే దోమ కుట్టడంతోనే జబ్బు అంటుకుంటుందని చూశాడు. మనుషుల మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమలే అని ఇటలీలో గ్రాసీ, అతని తోటివాళ్లు చూపించారు. 1902లో నోబెల్ రాస్‌కు వచ్చింది, గ్రాసీకి రాలేదు. ఇద్దరికీ జీవితాంతం పడలేదు. పెద్ద శాస్త్రవేత్తలు కూడా పోట్లాడుకుంటారని తెలిస్తే పిల్లలకు భలే సంతోషం.

బొమ్మల సంగతి. మలేరియా పేజీలో మీ చిత్రకారుడు కాళ్ల మీద తెల్ల చారలున్న నల్ల దోమను వేశాడు. అది ఏడిస్, డెంగ్యూ దోమ, పగటిపూట కుట్టేది. ఇంటర్నెట్‌లో దోమ అని వెతికితే ముందు అందమైన ఆ చారలదే వస్తుంది, అతని తప్పు కాదు. దాన్ని డెంగ్యూ పేజీకి మార్చు. అనాఫిలిస్ గోడ మీద వాలితే తల కిందికి, తోక పైకి ఏటవాలుగా ఉంటుంది. బోదకాలును మోసే క్యూలెక్స్ గోడకు సమాంతరంగా కూర్చుంటుంది. ఈ రెండూ పక్కపక్కన వేయిస్తే పుస్తకం మూసిన పిల్లవాడు సాయంత్రం గోడలు వెతుక్కుంటాడు. ఇంకోటి, ప్రతి పెద్ద బొమ్మ పక్కన దోమ అసలు సైజు ఎంతో చిన్నగా వేయించు. చిన్న పిల్లలు కొందరు బొమ్మంత దోమ ఉంటుందనే అనుకుంటారు, నవ్వకు.

ఆఖరి మూడు పేజీలు పంచాయతీ కరపత్రంలా ఉన్నాయి. "పరిసరాలు పరిశుభ్రంగా ఉంచుకోవాలి, దోమతెరలు వాడాలి." బడి గోడ మీద ఆ మాటలు రోజూ చూసేవే. వాటికి బదులు శుక్రవారం డ్రై డే ఎందుకో చెప్పు. గుడ్డు పెట్టినప్పటి నుంచి రెక్కల దోమ అయ్యేదాకా మన వేడికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి కూలర్లు, పాత టైర్లు, కొబ్బరి చిప్పల్లో నీళ్లు ఒంపేస్తే ఏ పురుగూ దోమ అయ్యేదాకా రాదు. శుక్రవారమే ఎందుకు, మంగళవారం చేస్తే కాదా అని లెక్క వేసుకోమని పిల్లలకే వదిలెయ్. తొట్టి నీళ్లలో గిలగిల్లాడే పురుగులు ఎలా వేలాడుతున్నాయో చూడమను. క్యూలెక్స్ పురుగు తోక గొట్టం పైకి పెట్టి తలకిందులుగా వేలాడుతుంది, అనాఫిలిస్‌ది నీటి పైన అడ్డంగా పడుకున్నట్టు ఉంటుంది. గాలి కోసం పైకి రావాల్సిందే కాబట్టి నీటి మీద నూనె చుక్కలు వేస్తే చస్తాయి. కానీ గ్లాసులో పురుగులు పెంచి చూడమని మాత్రం రాయకు. రాస్తే మూతికి వలగుడ్డ కట్టమని, చూడటం అయ్యాక ఎండలో నేల మీద ఒంపేయమని, పెద్దవాళ్లు పక్కన ఉండాలని అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో ఉండాలి.

అంకెలు తగ్గించు. దోమ రెక్కలు సెకనుకు వందలసార్లు కొట్టుకుంటాయి అని రాస్తే చాలదు, చెవి దగ్గర వినబడే ఆ జుయ్‌మనే చప్పుడు ఆ రెక్కలదే అని చెబితే అంకెకు ప్రాణం వస్తుంది. ప్రపంచంలో దోమ జాతులు 3,500 పైనే అన్నచోట "ఇప్పటిదాకా గుర్తించినవి" అని చేర్చు. కొత్తవి దొరుకుతూనే ఉంటాయి, పుస్తకం మాత్రం పదేళ్లు అల్మరాలో ఉంటుంది. మాటల విషయంలో అంత టెన్షన్ పడకు. లార్వా, ప్యూపా అని సైన్సు పుస్తకంలోనే ఉన్నాయి, అవే వాడు.

అచ్చుకు ఇచ్చేముందు రెండు పనులు చెయ్. ఒకటి, మీ ఊరి పీహెచ్‌సీలో మలేరియా పని చూసేవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు చూపించు. రెండు, ముగ్గురు నలుగురు పిల్లల చేతికి ఇచ్చి నువ్వు నోరు మెదపకుండా పక్కన కూర్చో. ఎక్కడ పేజీ వెనక్కి తిప్పారో, ఎక్కడ బొమ్మ చూసి వదిలేశారో రాసుకో. "బాగుందా?" అని అడగకు, టీచరు అడిగితే బాగుందనే అంటారు.

తర్వాతి పుస్తకం డైనోసార్ల మీద అన్నావు. టీ రెక్స్ ఉత్తర అమెరికాది, దాని మీద పుస్తకాలు కోకొల్లలు. మన గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ ఉంది చూడు, దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు. అది టీ రెక్స్ కంటే పది కోట్ల ఏళ్లకు పైగా ముందుది. రెండింటినీ ఒకే బొమ్మలో కొట్లాడించకు. దాని సంగతి ఇంకో ఉత్తరంలో.

అచ్చు విషయానికి వస్తే, 16 పేజీల ఫారాలు లెక్క వేసుకుని 32 పేజీలకో 48 పేజీలకో సర్దు, లేకపోతే ఖాళీ పేజీలకు కూడా డబ్బు కట్టాలి. అక్షరాలు 16 పాయింట్లకు తగ్గకూడదు. ముందు రాస్ అధ్యాయాన్ని చెకుముకి లాంటి పిల్లల సైన్సు పత్రికకు పంపి చూడు. తార్నాకలో మంచి పుస్తకం వాళ్లు తక్కువ ధరకు పిల్లల పుస్తకాలు తెస్తారు, వాళ్లతోనూ మాట్లాడు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో ఊరికే పెట్టొచ్చు, తెలుగు పుస్తకాలు చాలా ఉన్నాయి. అయితే అక్కడ పెట్టినదాన్ని నీ పేరు చెప్పి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. నాకైతే అది మంచిదే అనిపిస్తుంది, నీకు సమ్మతమో కాదో ముందే తేల్చుకో. చిత్రకారుడికి కూడా ఆ మాట చెప్పి, అతని డబ్బు సంగతి కాగితం మీద రాసుకున్నాకే కొత్త బొమ్మలు వేయించు.

రాస్ అధ్యాయం తిరగరాశాక అదొక్కటే పంపు, మిగతాది తర్వాత చూద్దాం. మీ అమ్మను, అల్లుణ్ణి అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య