కట్నం లేని పెళ్లిళ్లు సినిమాల్లోనే!

ప్రశ్న: పాత సినిమాల్లో విలువలుండేవి, ఇప్పుడంతా చెత్తే అని మా మామగారు రోజూ అంటారు. సినిమాల్ని బట్టి ఆ కాలం ఎలాంటిదో నిజంగా చెప్పొచ్చా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చెప్పొచ్చమ్మా, కాస్త జాగ్రత్తగా చూస్తే. జనం ఎలా బతికారన్నది సినిమాలో సగమే దొరుకుతుంది. దేని గురించి పైకి మాట్లాడుకోడానికి ఒప్పుకున్నారో, అది మాత్రం బాగా దొరుకుతుంది. కట్నం సంగతే చూడండి.

1939లో వచ్చిన ‘వరవిక్రయం’ కాళ్లకూరి నారాయణరావు నాటకం ఆధారంగా తీసింది, భానుమతికి మొదటి సినిమా. కట్నం కోసం తండ్రి పడే అవస్థ చూడలేక పెద్దకూతురు కాళింది ప్రాణం తీసుకుంటుంది. తర్వాత అదే పెళ్లికొడుకుని చేసుకున్న చెల్లెలు కమల, డబ్బిచ్చి కొనుక్కున్నాం కాబట్టి నువ్వే మా ఇంటికి రావాలని అడ్డం తిరుగుతుంది. కానీ ఆ మాట అనడానికి ముందు ఒక పిల్ల చావాల్సొచ్చింది చూశారా!

1952లో ‘పెళ్లి చేసి చూడు’ వచ్చేసరికి అదే గొడవ నవ్వులాటగా మారింది. ఒప్పుకున్న కట్నం చేతికి రాలేదని తండ్రి కొడుకుని పెళ్లిపందిట్లోంచి లాక్కుపోతాడు, కొడుకు ఎన్టీఆర్ చదువుకున్నవాడే, పెళ్లాం అంటే ఇష్టమే, అయినా నాన్నా నువ్వు చేసింది తప్పు అని మొహం మీద అనలేక పిచ్చెక్కినట్టు నాటకమాడితే భార్య నర్సు వేషంలో ఆ ఇంట్లో అడుగుపెడుతుంది. హాయిగా నవ్వుకుంటాం, సరే. తండ్రి మాటకి ఎదురుచెప్పే కొడుకుని హీరోగా చూపించాలంటే అప్పటికి ఇంకా భయమే అని నాకనిపిస్తుంది.

1961లో కట్నాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. కట్నం ఆగలేదు, అది మీకూ తెలుసు. 1982లో విశ్వనాథ్ ‘శుభలేఖ’లో ఉద్యోగం చేసుకునే అమ్మాయి కట్నం అడిగినవాళ్లని కాదని తనే సంబంధం వదులుకుంటుంది, దాంతో ఉద్యోగమూ పోతుంది, ఆమె పక్షాన నిలబడేది హోటల్లో పనిచేసే చిరంజీవి. నెల జీతం చేతికొచ్చే ఆడపిల్లలు అప్పటికి ఊరూరా కనిపిస్తున్నారు కాబట్టే ఆ సీను జనానికి నమ్మబుద్ధయింది.

మీ మామగారితో ఒక మాట చెప్పండి, కట్నం ఊళ్లని పీల్చేస్తోంది కాబట్టే ఇన్ని సినిమాలు దాని మీద పడ్డాయని. ఇప్పటి సినిమాల్లో హల్దీ, సంగీత్, డ్రోన్ షాట్లు అన్నీ ఉంటాయి, ఖర్చెవరు పెడుతున్నారో మాత్రం ఎవరూ అడగరు. బయటేమో “మాకేం వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం” అని ఫ్లాట్ వరకూ లాగుతారు, ఆడపడుచు లాంఛనాలు వేరే! మన కాలం దేన్ని దాచుకుంటోందో ఇంతకన్నా బాగా ఏ సినిమా చెబుతుంది?

ప్రశ్న: మా తెలంగాణ యాస ఇన్నాళ్లూ కమెడియన్‌కీ రౌడీకీ పెట్టి ఇప్పుడు హీరోయిన్‌కి పెడుతున్నారు. ఇండస్ట్రీకి బుద్ధొచ్చిందా? – ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: బుద్ధి కన్నా లెక్క అనుకుంటాను. అంతకుముందు ‘మా భూమి’ లాంటివి లేకపోలేదు, కానీ పెద్ద బ్యానర్ల దారి వేరు. 2014లో రాష్ట్రం వచ్చాక ఆ యాసని వెక్కిరించి టికెట్లు అమ్మడం కష్టమైంది. 2017లో ‘ఫిదా’లో బాన్సువాడ పిల్ల తన యాసలోనే గడగడా మాట్లాడితే ఆంధ్రాలోనూ ఎగబడి చూశారు. 2023లో ‘బలగం’కైతే ఊళ్లల్లో తెర కట్టి, అందరూ ఒకచోట కూర్చుని ఏడుస్తూ చూశారు. అంటే జనం ముందే మారి కూర్చున్నారు, నిర్మాతలే ఆలస్యంగా వచ్చారు. యాస వచ్చింది సరే, రెండో హీరోయిన్‌కి కూడా వచ్చిన రోజున మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.